హారన్ లేని బండి

అల్లుడికి మామగారు పెట్టుపోతలు చెయ్యడం లోకరీతి. మా ఇంట్లో అది తిరగబడింది. శ్రీపెరుంబుదూరు దగ్గర కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరుగా ఉన్న మా అల్లుడు, నేను రిటైరైన సందర్భంగా ఒక శాలువా కప్పి ఊరుకోకుండా, రేస్ ట్రాక్ మీద కారు నడపడం నేర్పే బడిలో ఒక రోజు శిక్షణకి నా పేరు మీద డబ్బు కట్టేశాడు. సంగతి వినగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట, "మీ పాలసీలన్నిటికీ నామినీని నేనే కదా?" అని. రెండోది, "అల్లుడుగారికి మీ మీద ఏమిటంత కోపం? పెళ్ళిలో ఏమైనా తక్కువ చేశామా?" అని.

నన్ను ఒప్పించే పని అమ్మాయి తీసుకుంది. హీరో అజిత్‌ని రంగంలోకి దింపింది. "నాన్నా, ఆయన మన సికిందరాబాద్‌లో పుట్టినవాడే. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో వాళ్ళ జట్టు తమ తరగతిలో మూడోది వచ్చింది. అప్పటికి ఆయనకి 53 ఏళ్ళు" అంటూ ఆయన జెండా పట్టుకుని నవ్వుతున్న ఫొటో పంపింది. అదే రోజు మా ఆవిడకి మహిళా మండలి గ్రూపులో మరొకటి వచ్చింది. ఆ రేసుకి కొద్ది రోజుల ముందు, ప్రాక్టీసులో అజిత్ కారు గోడని గుద్దుకుని గిరగిరా తిరిగిన వీడియో.

"ఆయనకేం కాలేదమ్మా, నడుచుకుంటూ బయటికొచ్చాడు" అంది అమ్మాయి.

"ఆయన హీరో" అంది మా ఆవిడ.

నేను ఊరుకోలేదు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ గురించి చదివి పెట్టుకున్నాను. 1969లో వచ్చిన 'విన్నింగ్' అనే సినిమాలో రేసరు వేషం కట్టాల్సి వచ్చి, నలభై దాటాక బాబ్ బాండ్యురంట్ అనే ఆయన దగ్గర రేసు కారు నడపడం నేర్చుకున్నాడు. సినిమా అయిపోయింది గానీ పిచ్చి వదల్లేదు. 1979లో, 54 ఏళ్ళ వయసులో, ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల రేసులో జట్టుతో కలిసి రెండో స్థానంలో వచ్చాడు. ఆ లెక్కన నాకు మరీ ఆలస్యం కాలేదు. కాస్త అసాధ్యం, అంతే.

పైగా నాకు కారు నడపడం రాదని ఎవరూ అనలేరు. సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఎడమవైపు ఆర్టీసీ బస్సు, కుడివైపు షేర్ ఆటో, ఎదురుగా రాంగ్ రూట్‌లో వస్తున్న డెలివరీ కుర్రాడు ఉండగా ఒంటి మీద గీత పడకుండా బండి బయటికి తెచ్చినవాణ్ణి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగినప్పుడు, ఆ 2.8 కిలోమీటర్ల ట్రాక్ మీద జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచాయన గెలిచాడని పేపర్లన్నీ ఎత్తి రాశాయి. ఆయన కోసం ప్రభుత్వం రోడ్డంతా ఖాళీ చేయించి ఇరువైపులా గోడలు కట్టించింది. అదే రోడ్డు మీద నేను ఏళ్ళ తరబడి నడిపాను. నాకోసం ఒక్క పానీపూరీ బండినైనా ఎవరు పక్కకి జరిపారు?

ట్రాక్ ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. చెన్నై నుంచి బెంగళూరు వెళ్ళే హైవేలో, హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు 1990లో ప్రారంభించారు. అంతకు ముందు మద్రాసు రేసులంటే షోలవరమే. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద, ఎగరాల్సిన చోట పరుగెత్తేవాళ్ళు. ఇక్కడ మాత్రం కార్ల కోసమే వేసిన రోడ్డు, సుమారు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. పొద్దున్న అక్కడ దిగి ఆ నల్లటి తారు వైపు చూసి చాలాసేపు నమ్మలేకపోయాను. ఒక్క గుంత లేదు. ఒక్క స్పీడ్ బ్రేకర్ లేదు. కేబుల్ వాళ్ళు తవ్విన మచ్చ లేదు. మధ్యలో పడుకున్న జీవం లేదు. మన పన్నుల డబ్బుతో వేసింది కాదని చూడగానే తెలిసిపోతుంది.

ముందు ఒక ఫారం ఇచ్చారు. నాకేమైనా అయితే ఎవరూ బాధ్యులు కారని, ఆ 'ఏమైనా'లో ఏమేం వస్తాయో వివరంగా రాసి ఉంది. మరణం అన్న మాట పేజీకి రెండుసార్లయినా తగిలింది. సాక్షి సంతకం ఎవరిదని అడిగితే అల్లుడు పెన్ను తీశాడు. అంత చకచకా అతను సంతకం పెట్టడం నేను మా అమ్మాయి పెళ్ళి రిజిస్ట్రేషన్‌లో కూడా చూడలేదు.

తరగతిలో నా సహాధ్యాయులంతా మీసాలు రానివాళ్ళు. నా పక్కన కూర్చున్న కుర్రాడికి పదిహేనేళ్ళు. ఏడేళ్ళప్పటి నుంచీ గో-కార్టులు నడుపుతున్నాడట. వాళ్ళ నాన్న నా దగ్గరికి వచ్చి మర్యాదగా, "మీ మనవడు ఏ బ్యాచ్ అండీ?" అని అడిగాడు. ఈ లోకంలో వయసు లెక్కలు వేరు. రోడ్డు మీద కారు నడిపే లైసెన్సుకి 18 నిండాలి, ఫార్ములా-4 రేసుకి 15 చాలు. మాక్స్ వెర్‌స్టాపెన్ 2015లో ఫార్ములా వన్‌లోకి వచ్చేసరికి పదిహేడేళ్ళవాడు. మామూలు డ్రైవింగ్ లైసెన్సు ఆ ఏడాది సెప్టెంబరులో, 18వ పుట్టినరోజు నాడు వచ్చింది. అప్పటికే ప్రపంచమంతా తిరిగి రేసులు చేసినవాడు, ఆ రోజు పరీక్ష చేసే అధికారి పక్కన కూర్చుని సిగ్నల్ లైటు వేసి చూపించాడన్న మాట. నాగోలు ఆర్టీఏ ట్రాక్ మీద నాకు జరిగిన అవమానాలన్నీ ఆ ఒక్క సంగతితో తుడిచిపెట్టుకుపోయాయి.

మాకు నేర్పే గురువు పాతికేళ్ళు కూడా నిండని అమ్మాయి. నా మొహంలో తెలుగు కనిపించిందో ఏమో, "మా ఇంట్లో తెలుగే అంకుల్. తాతావాళ్ళది నెల్లూరు పక్కన. నాకు చదివేదానికి రాదు, మాట్లాడేదానికి వస్తుంది" అంది. బోర్డు మీద ఒక మలుపు బొమ్మ గీసి నన్నే అడిగింది.

"అంకుల్, మీరు బ్రేక్ ఎప్పుడు వేస్తారు?"

"ఏదైనా అడ్డం వచ్చినప్పుడు."

"ఇక్కడ ఏదీ అడ్డం రాదు అంకుల్."

నాకు నిజంగానే దిక్కుతోచలేదు. గేదె లేదు, ఆటో లేదు, ఫోను మాట్లాడుతూ రోడ్డు దాటే మనిషి లేడు. మరి ఎందుకు ఆగాలి? ఆ ప్రశ్నకి జవాబే ఆ రోజు చదువంతా అని తర్వాత తెలిసింది. కారుకీ భూమికీ ఉన్న బంధుత్వం నాలుగు టైర్ల అడుగున, టైరుకి అరచెయ్యంత చోటే. బ్రేకు వేసినా, తిప్పినా, యాక్సిలరేటర్ తొక్కినా ఆ అరచెయ్యే భరించాలి. రెండు పనులు ఒకేసారి గట్టిగా చెప్పారా, రెండూ చెయ్యదు. అందుకని మలుపు రాకముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు వెయ్యాలి. వేగం బాగా తగ్గాక మెల్లగా లోపలికి తిరగాలి. మలుపు కడుపుని ఒరుసుకుంటూ వెళ్ళి, స్టీరింగు విప్పుతూ ఉన్న కొద్దీ వేగం పెంచుకుంటూ బయటి అంచుకి రావాలి. లోపలికి వేగంగా వెళ్ళినవాడు బయటికి ఆలస్యంగా వస్తాడు. ఇంత డబ్బు కట్టి వేగం నేర్చుకుందామని వస్తే, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ అమ్మాయి నోట వచ్చిన మాటల్లో 'మెల్లగా' అన్నదే ఎక్కువ.

బయటి అంచు నుంచి లోపలి అంచుకి, మళ్ళీ బయటికి, రోడ్డు వెడల్పు మొత్తం వాడుకోవడాన్ని వీళ్ళు రేసింగ్ లైను అంటారు. దీన్ని తెలుసుకోవడానికి యూరప్‌లో పెద్ద పెద్ద బళ్ళున్నాయి. ఇంగ్లండులో జిమ్ రస్సెల్ 1950లలోనే బడి పెట్టాడు. మన ఫార్ములా వన్ రేసరు నరేన్ కార్తికేయన్ ఫ్రాన్సు వెళ్ళి విన్‌ఫీల్డ్ బడిలో చదువుకున్నాడు. మా దిల్‌సుఖ్‌నగర్ ఆటో అన్నలకి ఏ బడీ అక్కర్లేకుండానే ఇది పుట్టుకతో వచ్చింది. కాకపోతే వాళ్ళు ఎదురుగా బళ్ళు వస్తుండగా చేస్తారు.

జెండాల పాఠం దగ్గర నాకు అసలు కష్టం వచ్చింది. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉందని, నెమ్మదించాలని, ఎవరినీ దాటకూడదని అర్థం. నా కుడికాలికి పసుపు రంగు కనబడితే వేగం పెంచమని తరతరాల సంస్కారం చెబుతోంది. నీలం జెండా చూపిస్తే వెనక నీకంటే వేగంగా వచ్చేవాడున్నాడు, దారి ఇవ్వు అని. దారి ఇవ్వడం! వెనకవాడు హారన్ కొట్టలేదు, లైట్లు కొట్టలేదు, తిట్టలేదు. గట్టు మీద నిలబడ్డ కుర్రాడొకడు ఒక గుడ్డముక్క ఊపితే చాలట, లక్షల విలువ చేసే బండిలో ఉన్నవాడు నోరెత్తకుండా పక్కకి జరుగుతాడట. ఎర్ర జెండా అయితే అందరూ ఆపేయాలి. ఆపుతారు కూడా. గీసిన చోట గీసినట్టు ఆగుతారు. రేసర్లంటే చెప్పిన మాట వినని తిక్క కుర్రాళ్ళని అనుకునేవాణ్ణి. ఇంత అణకువగల జాతిని నేను బ్రాహ్మముహూర్తంలో తిరుమల క్యూలో కూడా చూడలేదు.

తర్వాత మామూలు కారులో, పక్కన గురువుగారు కూర్చోగా, ప్లాస్టిక్ కోన్‌ల మధ్య మెలికలు తిప్పించారు. బ్రేకు అభ్యాసం కూడా అక్కడే. "గుద్దండి అంకుల్, ఇంకా గట్టిగా, పెడల్ గిజగిజలాడాల" అంటుంది ఆ అమ్మాయి. నా కాలు వినదు. దానికో చరిత్ర ఉంది. పెళ్ళయినప్పటి నుంచీ మా అత్తగారి ఊరికి వెళ్ళి వస్తున్నప్పుడల్లా మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని ఒళ్ళో పులుసు గిన్నె పెట్టుకుంటుంది. మూత పైన తువ్వాలు కడుతుంది గానీ, అది మొక్కుబడి. గట్టిగా బ్రేకు వేస్తే ఏమవుతుందో మొదటి ఏడాదే తెలిసింది. అప్పటి నుంచి నా పాదం పెడల్‌ని అడగడమే తప్ప ఆజ్ఞాపించడం మానేసింది.

విచిత్రం ఏమిటంటే, కోన్‌ల మధ్య తిప్పి ఆపాక ఆ అమ్మాయి కుర్రాళ్ళందరినీ పిలిచింది. "చూడండి, అంకుల్ స్టీరింగ్ ఎంత మెత్తగా తిప్పుతున్నారో. ఒక్క కుదుపు లేదు. ఎక్కడ నేర్చుకున్నారు అంకుల్?" పులుసు సంగతి చెప్పాను. కుర్రాళ్ళు నవ్వారు గానీ ఆమె నవ్వలేదు. మూడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన జాకీ స్టివర్ట్ ఇదే పద్ధతి పాటించేవాడని చెప్పింది. కారు బానెట్ మీద పళ్ళెం బిగించి, అందులో ఒక బంతి పెట్టి, బంతి దొర్లి కిందపడకుండా నడపమనేవాడట. బండి బరువు ముందుకీ వెనక్కీ పక్కకీ ఒక్కసారిగా ఊగితే టైరు పట్టు పోతుంది, బంతి పడకపోతే పట్టు ఉన్నట్టు. స్కాట్లాండు పెద్దమనిషి బంతితో సరిపెట్టుకున్నాడు. బంతి పడితే మళ్ళీ తీసి పెట్టుకోవచ్చు. గుమ్మడికాయ పులుసు సీటు కవరు మీద పడ్డాక చాంపియన్ అయినా చేసేదేముంది? మా ఆవిడకి వెంటనే ఫోను చేసి, ఆవిడ ఇన్నాళ్ళూ నాకు అంతర్జాతీయ స్థాయి శిక్షణ ఇచ్చిందని చెప్పాను. "నిమ్మకాయ తొక్కించారా?" అని అడిగింది.

నిమ్మకాయలు తెచ్చాం నిజమే. నాలుగు చక్రాలకీ నాలుగు, ఎందుకైనా మంచిదని ఇంకొకటి. అల్లుడు సంచీ విప్పబోతే అక్కడి మార్షల్ పరుగెత్తుకొచ్చాడు. ట్రాక్ మీద గులకరాయి పడ్డా ఊడ్చిపారేసే చోట పండు నలిపి రసం కార్చడమా! చివరికి ఆ నిమ్మకాయల్ని మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నంలో నంజుకున్నాం.

భోజనాలయ్యాక అసలు బండి. ఒంటి సీటు, పైన కప్పు లేదు, చక్రాలు బయటికి పొడుచుకుని ఉంటాయి. చూడటానికి ఘనంగా ఉంది గానీ, వీపు వెనక ఉన్నది మారుతీ స్విఫ్ట్ ఇంజినే. ఈ సంప్రదాయం కోయంబత్తూరు కరివర్ధన్‌ది. 1980ల చివర ఆయన మారుతీ 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతీ అనే రేసు కారు తయారుచేసి, కోటీశ్వరులు కానివాళ్ళకి కూడా ఈ ఆటలోకి తలుపు తీశాడు. ఆయన పేరునే కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. మనం కూరగాయల మార్కెట్‌కి వేసుకెళ్ళిన ఇంజిన్‌తో నరేన్ కార్తికేయన్ తరం వాళ్ళు రేసులు నేర్చుకున్నారని తెలిస్తే, మన పాత కారు వైపు కాస్త తప్పుచేసినవాళ్ళలా చూస్తాం.

నిప్పంటుకోని బట్టతో కుట్టిన చొక్కాపంట్లాం ఒకటే ముక్కగా ఇచ్చారు. అది ఇరవై ఏళ్ళ నడుముని తలుచుకుని కుట్టింది. జిప్పు నాభి దాకా వచ్చి ఆలోచనలో పడింది. ఇద్దరు మెకానిక్కులు సాయం పట్టారు. కారులోకి దిగడానికి ముందు స్టీరింగ్ చక్రం ఊడదీస్తారు. సీటు మీద నిలబడి, రెండు చేతులూ పక్కల ఆనించి, కాళ్ళు ముందుకి చాపుకుంటూ జారాలి. నేను భుజాల దాకా జారి ఆగాను. జాడీలో ఆవకాయ దించేటప్పుడు పైన మిగిలిన ముక్కల్ని అరచేత్తో అదిమినట్టు, ఒక మెకానిక్కు నా భుజాలు అదిమాడు. తర్వాత బెల్టులు. భుజాల మీదుగా రెండు, నడుముకి రెండు, ఇంకొన్ని కాళ్ళ మధ్య నుంచి. వాటిని బిగించేటప్పుడు అల్లుడు ఆకాశం వైపు చూశాడు. మామాఅల్లుళ్ళ మధ్య ఇలాంటి దృశ్యం శాస్త్రం ఒప్పుకోదు.

అన్నీ బిగించాక నా బొటనవేలు అలవాటుగా చక్రం మధ్యలోకి వెళ్ళింది. ఏమీ లేదు. ఇంకోసారి వెతికాను.

"అమ్మా, హారన్ ఎక్కడ?"

"హారన్ ఉండదు అంకుల్."

హారన్ లేదు. లైట్లు లేవు, తలుపుల్లేవు, డాష్‌బోర్డు మీద వేంకటేశ్వరస్వామి లేడు. అవన్నీ సర్దుకోగలను. కానీ హారన్ లేకుండా హైదరాబాదువాడు బండి ఎలా నడుపుతాడు? మేం హారన్ కొట్టేది ఎవర్నో తప్పుకోమని కాదు. మేం ఉన్నామని మాకు తెలియడానికి.

ముందు గురువుగారి కారు, దాని వెనక మేం వరసగా. భూమికి జానెడు ఎత్తులో కూర్చుంటే స్కూటరు వేగం కూడా విమానం వేగంలా తోస్తుంది. మొదటి చుట్టంతా నా కళ్ళు పని మానలేదు. ఎడమ గట్టు మీంచి ఎవరైనా దూకుతారేమో, కుడివైపు సందులోంచి స్కూటీ వస్తుందేమో. సందు ఉంటే కదా! దూరం చూడమని ఆ అమ్మాయి పొద్దున్నుంచీ మొత్తుకుంటోంది. చూపు ఎక్కడుంటే బండి అక్కడికే పోతుందట, మలుపులోకి దిగకముందే మలుపు చివర చూడాలట. నా చూపుకి బానెట్ ముందు రెండు గజాలు దాటే అలవాటు లేదు. అంతకంటే దూరం చూసినవాడు మా ఊళ్ళో మ్యాన్‌హోల్‌లో ఉంటాడు.

ఎప్పుడు మారిందో చెప్పలేను. పొడుగాటి తిన్నటి దారిలో 100 అని రాసిన బోర్డు దగ్గర బ్రేకు గుద్దాను, ఈసారి ఒళ్ళో ఏ గిన్నే లేదు కాబట్టి నిజంగానే గుద్దాను. బండి ముక్కు వంచింది, చక్రం తిప్పితే అడిగినంతే తిరిగింది, లోపలి అంచుని ముద్దుపెట్టుకుని బయటికి జారింది. అప్పుడు తోచింది, ఇంతసేపట్లో ఎదురుగా ఎవరూ రాలేదని. ఎవరూ రారు. దేశం మొత్తం మీద అందరూ ఒకే దిక్కుకి వెళ్ళే రోడ్డు ఇదొక్కటే అయి ఉంటుంది. భయం పోయి ఆనందం వచ్చింది. ఆ ఆనందంలో ఉండగానే నీలం జెండా కనబడింది. పదిహేనేళ్ళ వాడు నన్ను దాటాడు. వాడి వెనక ఇంకొకడు. నేను మర్యాదగా జరిగాను. ఎదురొస్తున్న పెళ్ళికొడుక్కి దారి ఇచ్చినంత సంతోషంగా జరిగాను. ఎవరూ కిటికీ దించి ఏమీ అనలేదు, కిటికీ లేదు గనక.

గళ్ళ జెండా పడ్డాక సమయాలు బోర్డు మీద పెట్టారు. నా పేరు వెతకడానికి పైనుంచి మొదలుపెట్టడం దండగ. నరేన్ కార్తికేయన్ 2005లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసులో నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ రోజు టైర్ల గొడవతో మిగతా జట్లన్నీ మొదట్లోనే తప్పుకుంటే పరుగెత్తినవి ఆరు కార్లే. ఆయన మిగిలి ఉన్నాడు, పాయింట్లు తెచ్చాడు. నాక్కూడా అలాంటి రోజొకటి రావాలి. కుర్రాళ్ళందరికీ ఒకేసారి పరీక్షలు పెడితే సరి.

ఆఖర్న గురువుగారు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మామూలు కారులోనే, అసలు వేగంలో ఒక చుట్టు తిప్పింది. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, ఎక్కువ భాగం నేను చూడలేదు. నా ఇష్టదైవాల జాబితా నేననుకున్నదానికంటే చాలా పొడుగని మాత్రం తెలిసింది. ఆమె మాత్రం నెల్లూరులో తాతగారి ఇంటి వెనక ఉన్న చింతచెట్టు గురించి చెబుతూ, ఒక్క కుదుపు లేకుండా, చక్రాన్ని రెండు వేళ్ళతో తిప్పినట్టు తిప్పేసింది.

సాయంత్రం సర్టిఫికెట్ పుచ్చుకుని మేం బయల్దేరబోతుంటే ఆ అమ్మాయి సంచీ తగిలించుకుని వచ్చింది.

"అంకుల్, మీరు చెన్నై వైపేనా? నన్ను పూనమల్లి దగ్గర దింపేస్తారా?"

"ఎక్కమ్మా. నీకు కారు లేదా?"

"ఉంది అంకుల్. నాన్న నడుపుతారు. రోడ్డు మీద నడిపేదానికి నాకు భయం."

వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. వెనక సీటుకి బెల్టు ఉంటుందన్న సంగతి మా కారుకి కూడా అప్పుడే తెలిసినట్టుంది, చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. అల్లుడు హైవే ఎక్కాడు. కాస్త దూరం పోయామో లేదో, ఇసుక లారీ ఒకటి రాంగ్ రూట్‌లో, లైట్లు వేసుకుని తాపీగా మా మీదికి వస్తోంది.

"అయ్యో, ఎదురుగా వస్తున్నాడు అంకుల్!" అని అరిచింది పిల్ల, పైనున్న పిడి రెండు చేతులా పట్టుకుని.

"వస్తాడమ్మా, వాడిది ఇంటికెళ్ళే దారి" అని, అల్లుడితో హారన్ కొట్టి కాస్త ఎడమకి జరగమని చెప్పి, నేను సీటు వెనక్కి వాల్చుకున్నాను.